పక్షి కబురు కూడా అమానతే

మా మదరసాలో చదివి వెళ్ళిన ఒక యువకునికి పక్షులను పరిశీలించడం అలవాటు. అరుదైన పక్షి మన ప్రాంతంలో ఎక్కడ కనిపించినా అతని ఫోనుకు కబురు చేరుతుంది. ఆ కబురు పంపేది ‘ఈ-బర్డ్’ అనే వేదిక. దానిని 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీ కలిసి ప్రారంభించాయి. ఎవరు ఏ పక్షిని, ఎప్పుడు, ఎక్కడ, ఎన్నింటిని చూశారో అందులో నమోదు చేస్తారు.

అతడు వివరిస్తుంటే నన్ను ఆకట్టుకున్నది కబురు అందే వేగం కాదు, దాని వెనుక జరిగే విచారణ. అసాధారణమైన నమోదు వస్తే ఆ ప్రాంతపు పక్షులను బాగా ఎరిగిన స్వచ్ఛంద పరిశీలకులు దానిని పరీక్షిస్తారు. ఛాయాచిత్రం ఉన్నదా, కూతను రికార్డు చేశారా, అదే పోలిక గల మరో పక్షి కాదని ఎలా తెలిసింది అని ప్రశ్నిస్తారు. నిర్ధారణ అయినదేదో, కానిదేదో కబురులోనే తెలుస్తుంది. హదీసు పాఠంలో ఉల్లేఖకుల విశ్వసనీయతను గురించి ఏళ్ళ తరబడి బోధిస్తున్న నాకు ఈ పద్ధతి కొత్తగా తోచలేదు.

అయితే నిజమైన ప్రతి కబురూ చాటదగినదేనా? మన కలివికోడినే చూడండి. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో స్థానికుల సహాయంతో మళ్ళీ దొరికింది. ఆ వార్త లోకానికి తెలియబట్టే దాని రక్షణ కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. చెప్పడం వల్ల కలిగిన మేలు అది. కానీ ఇటువంటి పక్షి గూడు జాడ వీధిన పడితే, వేటగాడూ వస్తాడు, గుడ్లు దొంగిలించేవాడూ వస్తాడు, ఫోటో కోసం పొదలు తొక్కే అభిమానీ వస్తాడు.

అందుకే ముప్పు ఎక్కువగా ఉన్న కొన్ని జాతులను ఆ వేదిక ‘సున్నిత జాతులు’గా పరిగణిస్తుంది. అవి కనిపించిన కచ్చితమైన చోటును బయటపెట్టదు; 20 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల గడిని మాత్రమే చూపుతుంది. హెచ్చరిక సందేశాలలో వాటిని చేర్చదు. చూసినవారి నమోదు మాత్రం శాస్త్రానికి భద్రంగా ఉంటుంది.

మన పిల్లలు పొలం గట్టున ఏదైనా అరుదైన పక్షి గూటిని చూస్తే వారి సంతోషాన్ని అణచకండి. తేదీ, సమయం, చూసిన గుర్తులు రాసుకోమనండి, తెలిసినవారికి చూపమనండి. గూడున్న చోటును మాత్రం పదిమందికి పంపే ముందు ఆగమనండి. నోరులేని ప్రాణి ఉనికి మన చేతిలో పడినప్పుడు, అది మనకు అప్పగించబడిన అమానతు.