ఎవరు ఎవరిని తిప్పుతున్నట్టు?

పొద్దున్నే ఏ కాలనీలోనైనా చూడండి. గొలుసు చేతికి చుట్టుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఆగబోయి ఆగలేక సగం నడక, సగం పరుగుగా పోతుంటారు కొందరు. వాళ్ల ముందు నాలుక వేలాడేసుకుని ఓ లాబ్రడారో, జర్మన్ షెపర్డో ఉంటుంది. మనిషి కుక్కని తిప్పుతున్నాడా, కుక్క మనిషిని తిప్పుతోందా అన్నది చెప్పడం కష్టం. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. గొలుసు పట్టుకున్నవాళ్లకి మాత్రం భుజం ఊడొచ్చినంత పనవుతుంది.

మా అక్క విషయంలో అది నవ్వులాటతో పోలేదు. కొడుకు ఉద్యోగం మీద అమెరికా వెళుతూ బ్రూనోని ఆమెకి అప్పగించి వెళ్లాడు. మూడేళ్ల లాబ్రడార్, 34 కిలోల బరువు. అక్కకి 61 ఏళ్లు, పైగా మోకాళ్ల నొప్పులు. ఓ రోజు పొద్దున గోడ మీద పిల్లి కనిపించగానే బ్రూనో ఒక్క ఊపున దూకాడు. గొలుసు వదలని అక్క రోడ్డు మీద బోర్లా పడింది. ఎముక విరగలేదు కానీ మణికట్టు బెణికి నెల రోజులు కట్టుతోనే ఉంది.

ఆ రోజుతో బ్రూనో షికార్లు ఆగిపోయాయి. లాగే కుక్కతో వచ్చే అసలు చిక్కు ఇదే. దాన్ని బయటికి తీసుకెళ్లడానికి ఎవరూ ముందుకు రారు. బయటికి వెళ్లని కుక్క ఇంట్లో కుదురుగా ఉండదు. చెప్పులు కొరుకుతుంది, సోఫా చింపుతుంది, వచ్చినవాళ్ల మీద పడుతుంది. దాంతో కట్టేస్తారు. రోజంతా కట్టేసిన కుక్క ఎప్పుడో ఓసారి గేటు దాటితే మరింత బలంగా లాగుతుంది. ఇలా తిరిగి తిరిగి విషయం చివరికి ఒక్క మాట దగ్గర ఆగుతుంది. అక్క కూడా ఆ మాటే అంది. ‘ఏమే, ఊళ్లో మామిడితోట వాళ్లకి ఇచ్చేద్దామా వీణ్ణి?’ అని ఫోన్లో అడిగిందే కానీ, నేను జవాబు చెప్పేలోపే ఆమె గొంతు పూడుకుపోయింది.

కుక్కని తిప్పడమనేది తీరికున్నవాళ్ల సరదా అనుకుంటాం. మన చట్టం అలా అనుకోలేదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తగినంతగా తిప్పకుండా వదిలేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 11వ సెక్షన్‌లో క్రూరత్వంగానే లెక్కగట్టింది.

సలహాలకేం కొదవ? ‘లాగితే బిగుసుకునే గొలుసు వెయ్యండి, రెండు రోజుల్లో దారికొస్తుంది’ అన్నారొకరు. లోపలి వైపు ముళ్లుండే పట్టీ కొనమన్నారు ఇంకొకరు. ‘నొప్పి పెట్టి నడిపించేదానికంటే నడవకపోవడమే నయం’ అని అక్క రెండూ వద్దంది. చివరికి బ్రూనోకి టీకాలు వేసే డాక్టరు గారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

ఆయన ముందు బ్రూనో మీద ఉన్న అభియోగం కొట్టేశారు. లాగడం పొగరు కాదన్నారు. మన నడక వాడికి నత్తనడక. పైగా ముందుకి లాగిన ప్రతిసారీ వాడు చేరాలనుకున్న చెట్టు దగ్గరికి చేరుతున్నాడు. లాగితే పని అవుతుందని వాడికి తెలిసింది, అంతే! మెడ కుక్క ఒంట్లో బలమైన చోటు. అక్కడ పట్టీ వేసి మనం వెనక్కి గుంజితే అది ఇంకా ముందుకి తోస్తుంది. ఛాతీ చుట్టూ కట్టి, వీపు మీద తాడు తగిలించే పట్టీలతో లాగడం దానికి ఇంకా తేలిక. మంచు దేశాల్లో బండి లాగే కుక్కలకి కట్టేది ఆ తరహావే మరి. అలాగని మెడని గుంజుతూ ఉండటమూ మంచిది కాదు. మెడ పట్టీతో లాగినప్పుడు కుక్క కంట్లో ఒత్తిడి పెరుగుతోందనీ, ఛాతీ పట్టీతో అలా పెరగడం లేదనీ 2006లో అచ్చయిన ఓ పరిశోధన చూపించింది.

ఆయన చూపించిన దారి పేరు హెడ్ కాలర్. రెండే పట్టీలు. ఒకటి చెవుల వెనక మెడ పైభాగంలో, ఇంకొకటి ముక్కు మీదుగా మూతి చుట్టూ వదులుగా ఉంటుంది. తాడు గడ్డం కింద తగిలిస్తారు. కుక్క ముందుకి దూకబోతే తల పక్కకి, మనవైపు తిరుగుతుంది. తల తిరిగాక ఒళ్లు ముందుకి పోలేదు. అంత పెద్ద గుర్రాన్ని పదేళ్ల పిల్లాడు తలకి కట్టిన తాడుతో నడిపించుకెళ్లడం చూసే ఉంటారు. ఇదీ అదే కిటుకు. కుక్కలకి దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో బ్రిటన్‌కి చెందిన రోజర్ మగ్‌ఫర్డ్ ఒకరు. ఆయన తెచ్చిన ‘హాల్టీ’ ఇప్పటికీ దొరుకుతోంది. 1980లలో అమెరికాలో ఆర్.కె. ఆండర్సన్ అనే పశువైద్యుడు, రూత్ ఫోస్టర్ అనే శిక్షకురాలు కలిసి ‘జెంటిల్ లీడర్’ తయారుచేశారు.

కొన్న రోజే తొడిగి వీధిలోకి తీసుకెళ్లొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మొదటి మూడు రోజులూ అక్క పట్టీని చేత్తో పట్టుకుని, అందులోంచి కోడిగుడ్డు ముక్క చూపించేది. బ్రూనో తనంతట తానే మూతి దూర్చి తినేవాడు. తర్వాత ఓ క్షణం తొడిగి తీసేయడం, ఆపైన నిమిషం, ఆపైన ఇంట్లోనే నాలుగడుగులు. మొదట్లో ముందు కాళ్లతో ముక్కు రుద్దుకున్నాడు, సోఫాకేసి మూతి రాశాడు. రెండు వారాలు తిరిగేసరికి పట్టీ తీస్తే చాలు, తోక ఊపుకుంటూ ఎదురొచ్చేవాడు.

వీధిలోకి వెళ్లాక ఇంకో పరీక్ష. పక్క ఫ్లాట్ పిల్ల అమ్మ వెనక నక్కి, ‘ఆంటీ, కరుస్తాడా?’ అని అడిగింది. చూడగానే చాలామంది అనుకునేది అదే. కానీ ఇది దూడ మూతికి కట్టే చిక్కం లాంటిది కాదు. దీంతో కుక్క నోరు తెరుస్తుంది, నీళ్లు తాగుతుంది, ఎండకి రొప్పుతుంది. కరవాలనుకుంటే కరవగలదు కూడా! కరిచే కుక్కకి ఇది మందు కాదు.

కింది అంతస్తులో ఉండే పెద్దాయన, వ్యవసాయం చేసి వచ్చినవారు, ‘మొత్తానికి ముకుతాడు వేశారన్నమాట’ అని నవ్వారు. ‘ముక్కు కుట్టలేదండీ, బాబాయి గారూ’ అంది అక్క. ఆయన కాసేపు బ్రూనోనే చూసి ఓ మాటన్నారు. ‘ముకుతాడున్న ఎద్దునైనా తెలిసినవాడు తాడు వదులుగానే పట్టుకుంటాడమ్మా. ఊరికే గుంజేవాడికి ఎద్దూ మాట వినదు, ముక్కూ మిగలదు.’

హెడ్ కాలర్ వాడేవాళ్లు గోడ మీద రాసుకోవాల్సిన మాట అది. తలకి కట్టిన తాడుని ఒక్క గుంజు గుంజితే మెడ నరాలు పట్టేస్తాయి. అందుకే పొడవాటి తాడుతో దీన్ని వాడకూడదు. కుక్క పరిగెత్తుకెళ్లి తాడు చివర ఆగితే తల విసురుగా తిరుగుతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి పట్టీ నిలవదు, వాటికి ఛాతీ పట్టీయే నయం. ముక్కు మీద వెంట్రుకలు రాలుతున్నాయేమో రోజూ చూడాలి. ఇంటికి రాగానే తీసేయాలి. ఒకవేళ జారిపోయినా కుక్క రోడ్డు మీదికి పోకుండా మామూలు బెల్టుకి రెండో కొక్కెం తగిలించడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యం, పట్టీ సగం పనే చేస్తుంది. మిగతా సగం అక్క చేసింది. తాడు బిగిస్తే ఆగిపోయేది. వదులవగానే ‘శభాష్’ అని ముందుకి నడిచేది. లాగితే చెట్టు రాదనీ, పక్కనే నడిస్తే వస్తుందనీ బ్రూనోకి అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు సగం దారి మామూలు బెల్టుతోనే నడుస్తాడు. పిల్లులుండే సందు వచ్చినప్పుడు మాత్రం అక్క తాడు మళ్లీ గడ్డం కిందికి మారుస్తుంది.

మొన్నామధ్య నేనున్నప్పుడే అమెరికా నుంచి ఫోనొచ్చింది. ‘బ్రూనోని ఎవరు తిప్పుతున్నారమ్మా? ఎవరినైనా పెట్టుకున్నావా?’ అని కొడుకు అడిగాడు. ‘ఎవరో ఎందుకురా, నేనే’ అంది అక్క. మామిడితోట మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.