నాయన కుడి భుజం

మా నాయన భుజాలు రెండూ ఒక మట్టాన ఉండేవి కావు. కుడిది ఎడమదానికన్నా వేలెడు కిందికి ఉండేది. చొక్కాకు కొలత తీసుకునేటప్పుడు టైలరు అక్కడ టేపు రెండుసార్లు పెట్టేవాడు. పుట్టుకతో వచ్చిన వంకరేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. ధర్మవరంలో మా వీధిలోనే ఇంకో ఐదారుగురికి అదే భుజం అట్లాగే జారి ఉందని గమనించాక గానీ, అది మగ్గం చెక్కిన భుజమని అర్థం కాలేదు.

గుంతమగ్గం ముందు కూర్చున్న మనిషిని పక్కనుంచి చూడాలి. కూర్చునే పలక నేలకు సమంగా ఉంటుంది, కాళ్లు గుంతలో ఉంటాయి. కుడిచేయి తాడు లాగితే నాడె ఈ అంచునుంచి ఆ అంచుకు పరుగెత్తుతుంది. ఎడమచేయి అచ్చును గుద్దుతుంది. కాలు తొక్కితే నెత్తిమీద జాకార్డు లేచి పడుతుంది. అన్నీ కదులుతాయి, మెడా నడుమూ తప్ప. తల బరువు 4, 5 కిలోలుంటుంది. చూపు పోగుమీద నిలపాలంటే దాన్ని ముందుకు వంచి గంటలకొద్దీ మొయ్యాలి. పట్టుచీర కట్టుకున్నవాళ్లు జరీ బరువు చెప్పుకుంటారు. ఈ బరువు ఎవరి లెక్కలోకీ రాదు.

నొప్పి అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే భాష కాదు మనది. దెబ్బతగిలిన వేలు సలుపుతుంది. నడిచి నడిచి కాళ్లు పీకుతాయి. బిందె ఎత్తబోతే నడుము కలుక్కుమంటుంది. నిద్రలేచేసరికి మెడ పట్టుకుంటుంది. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు జోము పడుతుంది. వైద్యులు అడిగి అడిగి రాబట్టేదంతా ఈ క్రియల్లోనే ఉంది. పనికి అలిసి పీకేది చాలావరకు కండ. పొద్దున బిగుసుకుని, నాలుగడుగులు వేశాక సడలేది కీలు. పిర్రనుంచి బయల్దేరి మోకాలు దాటి పాదందాకా గుంజుకుంటూ పోయి, వేళ్లకు జోము తెచ్చేది నరం. దాన్నే సయాటికా అంటున్నాం. ఆయుర్వేదం గృధ్రసి అంది, రాబందు నడకలా మనిషి నడక మారిపోతుందని. మా అవ్వకు మాత్రం అన్నీ నరమే. ‘‘నరం పట్టిందిరా నాయనా, కదలొద్దు’’ అనేది.

దానికి అవ్వ చెప్పే మందుకూడా ఒకటుండేది. మా వీధి చివర ఎదురుకాళ్లతో పుట్టిన ఒక అత్త ఉండేది. నడుము పట్టినవాళ్లు తెల్లారకముందే ఆమె గడప ముందు బోర్లా పడుకునేవాళ్లు. అత్త మూడుసార్లు మడమతో తట్టేది. ‘‘లెయ్ అన్నా, పోయింది’’ అనేది. చాలామంది లేచి నడిచి వెళ్లడం నేను కళ్లారా చూశాను. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డానియల్ డేవిడ్ పామర్ ఒక మనిషి వెన్నుపూసను నొక్కి కైరోప్రాక్టిక్ మొదలుపెట్టాడని చదివినప్పుడు నాకు మొదట ఆ అత్త మడమే గుర్తొచ్చింది. హఠాత్తుగా పట్టిన నడుము చాలావరకు కొన్నాళ్లలో తానే వదులుతుంది. నొక్కినప్పుడు బిగిసిన కండ కాస్త సడలుతుంది, కదిలితే ఏమవుతుందోనన్న భయం పోతుంది. టప్పుమని వినపడేది ఎముక సర్దుకున్న చప్పుడు కాదు, కీలులోని ద్రవంలో గాలి బుడగ చేసే చప్పుడు. అయినా ఆ చప్పుడు వింటే ప్రాణం హాయిగా ఉంటుంది, కాదనను.

మెడ విషయంలో మాత్రం నాకు ఒప్పుదల లేదు. క్షవరం అయ్యాక తల పట్టి విసురుగా తిప్పించుకునేవాళ్లను చూస్తే గుండె ఝల్లుమంటుంది. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాల్లో కొన్ని మెడపూసల గుండానే పైకెళ్తాయి. అరుదుగానే అయినా, అవి చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. అట్లాగే నడుమునొప్పితోపాటు కాలు పడిపోతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా ఏ మడమకూ ఏ చేతికీ ఒప్పగించకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి.

హిందూపురంనుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం వచ్చే రైల్లో కూర్చుంటే ఎదుటివాళ్ల కూర్చునే తీరును బట్టి వాళ్ల పని ఊహించడం నాకు అలవాటు. హిందూపురంలో చింతపండు గింజ తీసే ఆడవాళ్లు లేచేటప్పుడు ముందు చెయ్యి మోకాలిమీద వేస్తారు. పెనుకొండలో ఎక్కే కార్ల ఫ్యాక్టరీ కుర్రాళ్లు సీటు దొరగ్గానే మడమలు బూట్లలోంచి బయటికి తీస్తారు. హిందూపురం దగ్గరి లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం ఉంది కదా. దాని గుట్టు తెలుసుకోవాలని ఒక తెల్లదొర ఇంజనీరు కదపబోతే పక్క స్తంభాలూ ఒరిగాయని కథ చెబుతారు. కథ ఎంత నిజమో గానీ ఒళ్లు మాత్రం అంతే. కుడి మోకాలు నొస్తే బరువు ఎడమదాని మీద పడుతుంది, తర్వాత తుంటి ఒరుగుతుంది, చివరికి నడుము.

అన్నిటినీ పనిమీదికే నెట్టలేం. అనంతపురం సీమ బోరునీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుని వెన్నునే కర్రలా బిగించిన పల్లెలున్నాయి. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకు మంచినీళ్లు ఇచ్చింది. కీళ్లకు మా సీమలో జరిగిన పెద్ద వైద్యం కుళాయిలోంచి వచ్చిందనే నమ్ముతాను.

అట్లాంటి వైద్యమే తెలంగాణలోని ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం చేశాడు. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే, అంటే మేకుల చుట్టూ పోగు చుట్టాలంటే, చేతిని దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి భుజం పడిపోతుంటే చూడలేక, ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసుయంత్రం పూర్తిచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. తైలం రాసే చెయ్యి మంచిదే, కానీ ఆ కొడుకు నొప్పి పుట్టే చోటికే వెళ్లాడు.

మా నాయన మగ్గం దిగాక ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. ఆ అమ్మాయి చిన్నది, పాతికేళ్లుండవు. స్కానింగు కాగితాలు పక్కన పెట్టి, ‘‘తాతా, మీరు పని ఎట్లా చేసేవాళ్లో ఒకసారి చూపించండి’’ అంది. అరవై ఏళ్ల ఒంటిని అట్లా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. నాయన మంచం అంచున కూర్చుని కాళ్లు కిందికి వేలాడేశాడు. మెడ వంచాడు. కుడిచేయి పైకెత్తి, లేని తాడును లాగాడు. ఎడమచేయి లేని అచ్చును గుద్దింది. రెండుసార్లు చూపిస్తే చాలు. ఆ అమ్మాయి ‘‘సరే తాతా’’ అంది కూడా. నాయనకు వినపడలేదు, నేస్తూనే ఉన్నాడు.