డాక్టరమ్మ పెట్టిన నూరు చుక్కలు

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలాక డాక్టర్లు చెప్పే మాటలు ఎవరి చెవికైనా ఎక్కుతాయంటారా? మా పెద్దొదినకు ఎక్కలేదు.

"మీ గడ్డ చిన్నది. గడ్డవరకే తీసి రేడియేషన్ ఇవ్వవచ్చు. రొమ్మంతా తీసేస్తే బహుశా రేడియేషన్ అక్కర్లేకపోవచ్చు. ఏది కావాలో మీరే చెప్పండి" అన్నారు డాక్టరమ్మగారు. వదిన నా వంక చూసింది. అన్నయ్యేమో "మొత్తం తీసేయండి, పీడా పోతుంది" అన్నాడు. మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట అదే కదండీ!

అప్పుడావిడ తెల్లకాగితం తీసుకుని, మనం ముగ్గుకు పెట్టినట్టే పది వరసల్లో పదేసి చుక్కలు పెట్టారు. వీళ్ళంతా గడ్డవరకే తీయించుకున్నవాళ్ళట. 39 చుక్కలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. రేడియేషన్ తీసుకోకపోతే ఇరవయ్యేళ్ళలో అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టినది అంతమందికి. ఇంకో కాగితం మీద రేడియేషన్ తీసుకున్న నూరుగురు. అక్కడ ఎర్రవి 14. అమెరికాలో ఫిషర్ అనే డాక్టరు బృందం 1851 మంది స్త్రీల వివరాలు చూసి 2002లో ప్రకటించిన లెక్క ఇది. ఇప్పటి మందులతో ఎర్రచుక్కలు ఇంకా తగ్గాయట. ప్రాణం నిలవడంలో మాత్రం రొమ్మంతా తీసినవారికీ, గడ్డవరకే తీసినవారికీ తేడా కనబడలేదు.

"నూటికి పద్నాలుగు" అని నోటితో చెబితే గుండె గుభేలుమంటుంది. కాగితం మీద మిగిలిన 86 చుక్కలు కూడా కంటికి కనబడేసరికి వదిన ముఖం కాస్త తేటపడింది.

ఆ తర్వాత కుట్లు ఎక్కడ పడతాయో బొమ్మ గీశారు. ఆపరేషన్ అయినవారి ఫోటోలు, ముఖాలు లేనివి, చూపించారు. అన్నయ్యను బయటకు పంపి మరీ చూసింది వదిన. (ఫోటోలు చూపిస్తే బాగా కుదిరినవే కాదు, అంతంతమాత్రంగా కుదిరినవీ చూపమని అడగండి.)

రేడియేషన్ వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలన్నారు. మా ఇంట్లో ఉండి వెళ్ళొచ్చులే అన్నాను. రెండు రోజులు ఆ కాగితాలు మంచం మీద పరుచుకుని కూర్చుని, చివరికి మొత్తం తీయించుకుంటానంది. నాకు మనసొప్పలేదు.

"ప్రాణానికి రెండూ ఒకటేనన్నారుగా వదినా!"

"ఒకటే గనకే నాకేది కుదురుతుందో చూసుకున్నాను. అన్నాళ్ళు ఆ మిషను కింద పడుకోవడం నావల్ల కాదు. మీ అన్నయ్య చెప్పారని కాదు సుమా!" అంది. ఇంక నేనేం మాట్లాడను?

మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే సంచిలో ఒక నోటుపుస్తకం, రెండు రంగుల పెన్నులు పెట్టుకెళ్ళండి. నోటితో చెప్పింది గీసి చూపించమని మొహమాటపడకుండా అడగండి. అందరి చుక్కలూ ఒకటి కావు. గడ్డ సైజును బట్టి, వయసును బట్టి మారతాయి. మీవి ఎన్నో మీ డాక్టరే పెట్టాలి.