రెండు రూపాయల పద్దు

కోస్తా ఆంధ్రలోని ఒక చిన్న పట్టణంలో ఫిల్మ్ సొసైటీకి నేను పదకొండేళ్లు కోశాధికారిగా పనిచేశాను. సభ్యుల చందాలు, రైలు పార్సెల్‌లో వచ్చే ఫిల్మ్ పెట్టెల రవాణా ఖర్చులు, హాలు అద్దె అన్నీ నా చేతిమీదుగానే నడిచేవి. లెక్కల్లో ఏనాడూ పైసా తేడా రాలేదు. అయినా ఒక పద్దు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అది నేను రాయకుండా వదిలివేసిన పద్దు. దాని సంగతి చెప్పాలంటే ముందుగా మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం గురించి చెప్పాలి.

కుట్టనాడు ప్రాంతానికి చెందిన జాన్ 1937లో జన్మించారు. జీవిత బీమా సంస్థలో ఉద్యోగం వదులుకొని పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ ఋత్విక్ ఘటక్ ఆయనకు గురువు. మణి కౌల్ తీసిన ‘ఉస్కీ రోటీ’కి సహాయకుడిగా పనిచేశారు. ఆ తరువాత ఆయన స్వయంగా తీసిన కథాచిత్రాలు నాలుగే. మొదటిది ‘విద్యార్థికళే ఇదిలే ఇదిలే’ (1972). రెండవది తమిళంలో తీసిన ‘అగ్రహారత్తిల్ కళుదై’ (1977). తల్లిని పోగొట్టుకొన్న గాడిదపిల్లను చేరదీసిన ఒక ఆచార్యుని కథ అది. ఆ మూగజీవిని చంపిన ఊరే తరువాత దానికి మహిమలు అంటగట్టి గుడి కట్టాలని తలపెడుతుంది. ఆచార్యుని పాత్ర ధరించినవారు మన చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్. ఉత్తమ తమిళ చిత్రంగా దానికి జాతీయ పురస్కారం లభించింది. కుట్టనాడు భూస్వామ్య జీవితాన్ని చిత్రించిన ‘చెరియాచంటె క్రూరకృత్యంగళ్’ (1979) మూడవది.

పురస్కారం వచ్చినంత మాత్రాన తరువాతి చిత్రానికి పెట్టుబడి రాదు. నిర్మాత డబ్బు పెడితే నిర్మాత మాట వినవలసి వస్తుంది. ఈ చిక్కును తప్పించుకోవడానికి జాన్ ఎన్నుకొన్న దారి అపూర్వమైనది. 1984లో కోళిక్కోడ్ కేంద్రంగా మిత్రులతో కలిసి ‘ఒడెస్సా’ అనే బృందాన్ని స్థాపించారు. వారు డప్పు కొట్టుకుంటూ ఊరూరా తిరిగారు. చాప్లిన్ ‘ది కిడ్’ ప్రదర్శించి, చూసినవారు ఇచ్చినంత పుచ్చుకొన్నారు. అంతకుముందే 1976లో గుజరాత్ పాడి రైతులు అయిదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకోగా శ్యాం బెనెగల్ ‘మంథన్’ తయారైంది. కాని ఆ రైతుల వెనుక బలమైన సహకార వ్యవస్థ ఉంది. జాన్ వెనుక ఉన్నది ఒక డప్పు, కొందరు మిత్రులు మాత్రమే.

అలా పోగైన సొమ్ముతో 1986లో ‘అమ్మ అరియాన్’ పూర్తయింది. ఆ పేరుకు ‘అమ్మకు తెలియజేయునది’ అని అర్థం చెప్పుకోవచ్చు. ఢిల్లీకి బయలుదేరిన పురుషన్ అనే యువకుడికి దారిలో ఒక శవం ఎదురవుతుంది. అది ఎక్కడో చూసిన ముఖమే అనిపిస్తుంది. చనిపోయినవాడు హరి అనే తబలా వాద్యకారుడని తెలిశాక, ఆ కబురు అతని తల్లికి చెప్పడానికి పురుషన్ వయనాడు నుంచి కొచ్చికి ప్రయాణమవుతాడు. దారిపొడుగునా హరిని ఎరిగినవారు ఒక్కొక్కరే అతనితో కలుస్తారు. చిత్రంలో సాగదీత ఉన్నమాట నిజమే. కాని చాలామంది కలిసి తీసిన చిత్రంలో చాలామంది కలిసి నడవడం నాకు ఎంతో ఉచితంగా తోచింది.

మా ఊళ్లో ఆ చిత్రం వేసిన రాత్రి, ప్రదర్శనకు ముందు నేనే నాలుగు మాటలు చెప్పాను. సామాన్యులు ఇచ్చిన చిల్లర డబ్బులతో తయారైన చిత్రమని కాస్త ఆవేశంగానే చెప్పినట్టు గుర్తు. ప్రదర్శన ముగిసి సభ్యులు వెళ్లిపోయాక, హాలు కాపలా చూసే ముసలాయన నా బల్ల దగ్గరకు వచ్చి రెండు రూపాయల నోటు పెట్టాడు.

“ఇదెందుకు తాతా?”

“మీరే చెప్పారు గదా బాబుగారూ, తలా కాస్త వేసుకొని తీశారని. తల్లికి కబురు చెప్పడానికి అంతమంది కదిలి వెళ్లారు. మరో ఊళ్లో ఆడించుకొంటారు, ఉంచండి.”

ఆయనకు మలయాళం రాదు. తెరమీద కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలూ చదవలేడు. సభ్యుల వద్ద తప్ప బయటివారి వద్ద డబ్బు తీసుకోరాదని మా సొసైటీ నిబంధన. ఏ పద్దు కింద జమ చేయాలో నాకు తోచలేదు. “వద్దులే తాతా, దీనికి టిక్కెట్టు లేదు” అని నోటు తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన ముఖం చిన్నబోయింది. మారుమాట లేకుండా కుర్చీలు సర్దుకోవడానికి వెళ్లిపోయాడు.

జాన్ 1987లో కోళిక్కోడ్‌లో మేడమీది నుంచి పడి మరణించారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు నిండలేదు. ఆయన పద్ధతి అందరికీ అనుసరణీయమని నేను అనను. ప్రభుత్వ సహాయం అవసరమే. 1960లో ఏర్పడిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఆదుకోకపోతే ‘ఉస్కీ రోటీ’ వంటి చిత్రాలే వచ్చేవి కావు. ఇప్పుడు అంతర్జాలం ద్వారా విరాళాలు పోగుచేసి చిత్రాలు తీస్తున్న యువకులను చూస్తే సంతోషం కలుగుతుంది.

అయితే చిన్న చిత్రానికి డబ్బు ఎంత అవసరమో, “ఇది నాది కూడా” అనుకొనే ప్రేక్షకుడు అంతకంటె అవసరం. జాన్ ఊరూరా తిరిగి వెతికింది అటువంటివారి కోసమే. అలాంటి మనిషి ఒకడు తనంత తానుగా మా హాలులో నా ఎదుటికి వచ్చాడు. నిబంధన పాటించి నేను ఆయనను వెనక్కి పంపాను. విరాళం అని ఒక రసీదు రాసి ఉంటే సరిపోయేది.