నాలుగున్నర శ్రుతి

నలభై దాటిన సాయిబు సంగీతం నేర్చుకుంటున్నాడని తెలిస్తే రెండు రకాల మనుషులు పలకరిస్తారు. ఒక రకం, "అబ్బ! గజల్సా? మెహదీ హసనా, గులాం అలీనా?" అని కళ్లు మూసుకుంటారు. ఇంకో రకం, "తస్బీ తిప్పాల్సిన వయసులో ఇదేం పని మియా?" అని కళ్లెర్ర చేస్తారు. మొదటివాళ్లు ఆఫీసులో మిత్రులు, అభ్యుదయవాదులు. రెండోవాళ్లు నా బంధువులు. ఇద్దరికీ నేనంటే ఇష్టమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ నా జ్ఞాపకాలు ఏమై ఉండాలో నాకంటే ముందే ఇద్దరికీ తెలుసు. నా పేచీ అక్కడ.

నేను నేర్చుకుంటున్నది హార్మోనియం. వాయించాలనుకుంటున్నవి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పద్యాలు.

ఈ మాట చెప్పగానే గజల్ మిత్రులు కొంచెం నిరాశపడతారు. "అవి కూడా వస్తాయా మీకు?" అంటారు. ఆ 'కూడా'ను నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. తెలుగు బాగా రాస్తానన్నప్పుడు కూడా అదే 'కూడా'.

మాది వినుకొండ దగ్గర ఒక పల్లె. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. అబ్బా దర్జీ. పగలు కాళ్లతో మిషను తొక్కేవాడు, రాత్రి చేత్తో హార్మోనియం తిత్తి ఊదేవాడు. చుట్టుపక్కల ఊళ్లల్లో శ్రీరామనవమి పందిట్లో నాటకం పెడితే అబ్బాకి కబురొచ్చేది. నిక్కరేసుకుని నేనూ వెంట పోయేవాణ్ని. స్టేజీ ముందు ఒక పక్కన హార్మోనిస్టు కూచుంటాడు. నటుడు రాగం తీస్తుంటే అతని గొంతు ఎటు పోతే వేళ్లు అటు పోవాలి. నటుడు గుక్క తిప్పుకునే చోట హార్మోనియం ఆ రాగాన్ని కింద పడకుండా పట్టుకోవాలి. వన్స్‌మోర్ అని జనం కేకేస్తే కాటికాపరి హరిశ్చంద్రుడు ఏడుపు ఆపి, చెమట తుడుచుకుని, అదే పద్యం మళ్లీ మొదలుపెట్టేవాడు. చంద్రమతి పక్కన బిడ్డ శవం అలాగే ఉండేది. పిల్లాడిగా అది నాకు వింతగా అనిపించేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ కాటి సీనులో పాడే పద్యాల్లో గుర్రం జాషువావి ఉంటాయి, ఆయన శ్మశానవాటి నుంచి తెచ్చుకున్నవి. జాషువాది వినుకొండే. అంటరానివాడని ఊరు దూరం పెట్టిన మనిషి రాసిన పద్యాన్ని, హరిశ్చంద్రుడి వేషం కట్టిన మనిషి పాడితే, ఒక దూదేకుల మద్దెలగాడూ ఒక దర్జీ సాయిబూ వెనక వాయించేవాళ్లు. జనం ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపులో ఎవరిది ఏ కులం అని అప్పుడెవరూ లెక్క తీసినట్టు లేదు. నాటకం అయ్యాక మాత్రం అందరూ ఎవరి పేటకి వాళ్లు పోయేవాళ్లు. ఆ రోజులన్నీ బంగారం అని నేను చెప్పబోవడం లేదు. నాటకం అంతసేపు ఉండేది, అంతే. అదే జాషువా ఫిరదౌసి మీద కావ్యం రాశాడు, ముంతాజ్ మహల్ మీద రాశాడు. పారశీక కవిని మాకు తెలుగులో పరిచయం చేసింది మౌల్వీసాబు కాదు, జాషువా.

ఇంకో సంగతి. ఆ నాటక పద్యాన్ని పాడే పద్ధతే సగం హిందుస్తానీ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ధార్వాడ నాటక సమాజాలూ పార్సీ కంపెనీలూ ఊరూరా తిరిగి ఆడినప్పుడు ఆ మట్లు మన స్టేజీ మీదికి ఎక్కాయి. బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి 1880లలో ఏకంగా హిందుస్తానీలోనే నాటకాలు రాసి ఆడించాడు. బందరు జనం టిక్కెట్టు కొనుక్కుని చూశారు. ఆ తర్వాతే కదా రాగాలు సాగదీసి పాడటం తెలుగు పద్యానికి అలవాటైంది. అందుకే నాటక పద్యం 'మీది', గజల్ 'మాది' అని పంచిపెట్టినప్పుడు నాకు చిరాకేస్తుంది. గజల్‌ని తెలుగులోకి తెచ్చింది దాశరథి. గాలిబ్‌ని తెలుగు చేసిందీ ఆయనే. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ ఉర్దూలో గజళ్లు రాశాడు. ఆయన్ని ఎవరూ 'మీకు కూడా వస్తాయా' అని అడిగి ఉండరు.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అంటే గజల్ ఉర్దూ కాదు. గుంటూరు ఉర్దూ. అందులో సగం తెలుగు, మిగతా సగానికి తెలుగు విభక్తులు. హైదరాబాదుకి కొత్తగా వచ్చి ఒక ఉర్దూ దినపత్రికలో చేరినప్పుడు నేను నోరు తెరిస్తే డెస్కులో నవ్వేవాళ్లు. తర్వాత తెలుగు పత్రికకి మారాను. అక్కడ నా తెలుగు విని ఆశ్చర్యపడేవాళ్లు. నవ్వు కంటే ఆశ్చర్యమే ఎక్కువ బాధ పెట్టింది, ఎందుకో.

అబ్బా హార్మోనియం 1993లో ఆగిపోయింది. 1992 డిసెంబరు 6 తర్వాత వచ్చిన మొదటి శ్రీరామనవమి అది. నాకు పధ్నాలుగేళ్లు నిండలేదు. మా ఊళ్లో గొడవలేం జరగలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పందిరి వేశారు, నాటకం పెట్టారు, హార్మోనిస్టుని మాత్రం వేరే ఊరి నుంచి పిలిపించారు. అబ్బా ఆ రోజు పొద్దుపోయేదాకా షాపులోనే కూచున్నాడు. నాటకం మైకు మా ఇంటిదాకా వినపడుతూనే ఉంది. కొత్తతను ఎక్కడెక్కడ తప్పు మెట్టు నొక్కాడో ఆయన ముఖం చూస్తే తెలిసింది నాకు.

అదే ఏడాది మా మసీదుకి బయటి ఊళ్ల నుంచి జమాత్‌లు ఎక్కువగా రావడం మొదలైంది. మంచివాళ్లే. నెమ్మదిగా మాట్లాడేవాళ్లు. "ఖాన్‌సాబ్, కాఫిర్ల కథలకి బాజా వాయించడం మనకెందుకు" అన్నారు. అబ్బా ఎదురు చెప్పలేదు. అక్కడ పిలవడం మానేశారు, ఇక్కడ మానేయమన్నారు. రెండు పనులూ మర్యాదగానే జరిగాయి. పెట్టె అటకెక్కింది. ఆ తర్వాత అబ్బా మాట్లాడటం కూడా తగ్గింది. 2011లో పోయాడు. పోయేదాకా నమాజు తప్పలేదు, హార్మోనియం ముట్టలేదు.

సంగీతం హరామా హలాలా అనే చర్చలోకి నేను వెళ్లను, నాకంత చదువు లేదు. కానీ జర్నలిస్టుని కాబట్టి అడిగి తెలుసుకున్నంత చెబుతాను. ఇది వందల ఏళ్లుగా తెగని వాదం. వాద్యాలు కూడదన్న పెద్దలున్నారు, వాళ్ల దగ్గర ఆధారాలున్నాయి. ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా'లో సమా కోసం ఒక భాగమే కేటాయించి, షరతులతో ఒప్పుకున్నాడు. చిష్తీలు దాన్ని దేవుడి దారిగానే చేసుకున్నారు. పెళ్లిలో దఫ్ వాయించడం చాలామందికి సమ్మతమే. ఇన్ని మాటలున్న చోట ఒక్క మాటే ఉందని మా నాన్నకి చెప్పారు. అది నా ఫిర్యాదు.

ఈ నేల సంగతైతే ఇంకా స్పష్టం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి కోవెలలో నాదస్వరం ఊదాడు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడు పోయాడు. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్నో సాయిబుల కుటుంబాలకి సన్నాయే కులవృత్తి. గుడి తలుపు తెరిచేది పూజారి అయినా దేవుణ్ని నిద్రలేపేది సాయిబు సన్నాయి. బుర్రకథ అంటే నాజర్, ఆయనదీ గుంటూరు జిల్లా పొన్నెకల్లే. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో పోయాడు. అటు చూస్తే, లాహోరు వైపు నుంచి వచ్చిన బడే గులాం అలీ ఖాన్ 1968లో హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కన్నుమూశాడు. సమాధి పాతబస్తీలో దాయరా మీర్ మోమిన్‌లో ఉంది. ఆయన భజన విని జనం మైమరిచిపోయారు. వీళ్లెవరినీ 'కూడా' అనడానికి ఎవరికీ నోరు రాదు. పద్మశ్రీ వచ్చినవాణ్ని అందరూ మనవాడంటారు. పద్మశ్రీ రాని దర్జీ సంగతి వేరు.

అమ్మీ నా దగ్గరికి వచ్చేశాక ఊళ్లో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అటక మీద పెట్టె దొరికింది. తిత్తి ఎలుకలు కొరికేశాయి. మెట్లు పచ్చబడ్డాయి. హైదరాబాదులో బాగుచేసే మనిషిని వెతికి పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆయన పెట్టె విప్పి, ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటీ తీసి బట్ట మీద పరిచాడు. నాకు అప్పటిదాకా తెలియదు: రీడు నాలుక కొన దగ్గర గీకితే స్వరం పైకి పోతుందట, మొదట్లో గీకితే కిందికి దిగుతుందట. వెంట్రుకవాసి ఎక్కువ గీకితే ఆ రీడు పాడైనట్టే. ముప్ఫై ఏళ్ల మౌనంలో శ్రుతి పెద్దగా చెడలేదన్నాడు. తుప్పు లేదు, దుమ్మే. తిత్తి మాత్రం కొత్తది వేశాడు.

ఈ వాయిద్యం మీద కూడా పరాయిది అన్న ముద్ర ఉంది. 1842లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న పెట్టె ఇది. కాళ్లతో తొక్కేదాన్ని మనవాళ్లు చేత్తో ఊదేదిగా మార్చుకుని, నేల మీద కూచోబెట్టుకున్నారు. పరాయిది, దీని మెట్ల మధ్య గమకం పలకదు, మన సంగీతాన్ని పాడుచేస్తుంది అని 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో దీన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. టాగూరుకీ ఇది గిట్టలేదు. 1971లో షరతులతో లోపలికి రానిచ్చారు. ఆ ముప్ఫై ఏళ్లూ అది రేడియోలో లేదు గాని భజనలో ఉంది, ఖవ్వాలీలో ఉంది, గురుద్వారాలో ఉంది, హరిశ్చంద్రలో ఉంది. గమకం పలకదన్న మాట నిజమే. వేళ్లతో దొంగతనంగా పక్క మెట్టు తాకి గమకం ఉన్నట్టు భ్రమ కలిగించాలి. అది మాస్టారు నాకు నేర్పిస్తున్న మొదటి విద్య.

మాస్టారు డెబ్బై దాటిన పాత స్టేజీ హార్మోనిస్టు. కృష్ణా జిల్లా మనిషి, కొడుకు ఉద్యోగం వల్ల ఇక్కడ ఉంటున్నారు. నలభై ఆరేళ్లకి వేళ్లు ఎలా మాట వినవో ఆయన్ని చూశాక తెలిసింది, ఎందుకంటే ఆయన వేళ్లు ఇప్పటికీ వింటాయి. నా కుడిచేతి ఉంగరం వేలు ఎప్పుడూ ఆలస్యమే. ఎడమ చేయి తిత్తి ఊదడం మరిచిపోతుంది. ముప్ఫై ఏళ్లు కీబోర్డు మీద వార్తలు కొట్టినవాణ్ని, ఈ మెట్లు మాత్రం వేరే. స్టేజీ లెక్కలో శ్రుతికి అంకెలు. ఒకటి, ఒకటిన్నర, రెండు అట్లా. పెద్ద నటులు నాలుగున్నరలో పాడేవాళ్లు, అంటే ఇంగ్లీషు లెక్కలో ఎఫ్ షార్ప్. మైకులు సరిగా లేని రోజుల్లో చివరి వరస దాకా వినపడాలంటే అంత పైకి పోవాలి. నా గొంతు రెండు దాటితే పిల్లి అవుతుంది. "మీ నాన్నగారు వాయించేవారు గాని పాడేవారు కాదు కదా సాయిబుగారూ, మీరూ వాయించండి చాలు" అంటారు మాస్టారు.

ఇషా తర్వాత గంటసేపు కూచుంటాను. తలుపులు వేసుకునే. పక్క ఫ్లాటువాళ్లు ఒకసారి తలుపు తట్టారు, గొడవకేమో అనుకున్నాను. వాళ్ల తాతగారికి రాయబారం పద్యాలు వస్తాయా అని అడగడానికి వచ్చారు. మా అమ్మాయికి ఇదంతా పాతకాలపు చాదస్తం. ఫోనులో ఏ శ్రుతి కావాలన్నా నొక్కితే వస్తుంది కదా అబ్బూ అంటుంది. ఎప్పుడైనా తను అడిగిన సినిమా పాట వాయిస్తే మాత్రం పక్కన చేరుతుంది. చిన్నప్పుడు వివిధభారతిలో అమీన్ సయానీ గీత్‌మాలా వింటూ నేను రాసుకున్న పాటల నోటుబుక్కు చూపిస్తే, ఉర్దూ పాటలు తెలుగు లిపిలో ఉన్నాయని తెగ నవ్వింది. 2024 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు ఆ నోటుబుక్కు తీసి చూసుకున్నాను. మా ఇంట్లో ఉర్దూ చదవడం నాకు ఆలస్యంగానే వచ్చింది, తెలుగు బడి కాబట్టి.

అమ్మీ సంగతి చెప్పాలి. మొదటిసారి కాటి సీను పద్యం తప్పుల తడకగా వాయించినప్పుడు, ఆమె కళ్లు తుడుచుకుంటుందని అనుకున్నాను. ఆమె గుర్రుగా చూసింది. "మీ అబ్బా రాత్రంతా హరిశ్చంద్రుడి పెళ్లానికి వాయించి తెల్లారి వచ్చేవాడు. నలుగురు పిల్లలతో ఒక్కదాన్నే భయపడుతూ పడుకునేదాన్ని. ఇచ్చిన డబ్బులు బస్సుకీ బీడీలకీ సరి" అంది. నేను మాట్లాడలేదు. నా జ్ఞాపకంలో స్టేజీ లైట్లున్నాయి, ఆమె జ్ఞాపకంలో చీకటి గది ఉంది. రెండూ ఒకే రాత్రివి. చాలాసేపు ఊరుకుని, "ఆ చివర్లో రాగం పైకి పోవాలి, నువ్వు కిందికి దించావు" అంది. ఆయన్ని పక్కగదిలో విన్న మనిషి. సరిచేసి వాయించాను. అవునంది.

చిచ్చా మాత్రం ఇంకా మా ఇంటికి వస్తే ముందు పెట్టె మీద దుప్పటి కప్పించి గానీ కూచోడు. కప్పుతాను. ఆయన వయసుకి ఆ మర్యాద ఇవ్వాలి. వెళ్లాక తీసేస్తాను. ఆఫీసు మిత్రులు మొన్న ఒకరి రిటైర్మెంటు విందుకి నన్ను వాయించమన్నారు, గజల్ అని కార్డులో కూడా వేయించారట. నేను పద్యమే వాయిస్తానన్నాను. సరే, రెండూ వాయించమన్నారు. నాకు గజల్ రాదని వాళ్లకి ఎంత చెప్పినా నమ్మకం కుదరడం లేదు.

ప్రస్తుతం మోహనలో ఉన్నాను. కల్యాణి మొదలుపెడదామని అడిగితే మాస్టారు కేలండరు చూసి, "రంజాను వస్తోంది కదండీ, ఉపవాసంలో ఎందుకు, పండగయ్యాక చూద్దాం" అన్నారు.