నందికొట్కూరు దారిలో అమెరికా

కర్నూలు నుంచి నందికొట్కూరుకు బస్సులో గంట ప్రయాణం. అది నేను పుట్టి పెరిగిన ఊరు. కర్నూలులో మద్రసా బోధన చేపట్టి ఏళ్లు గడిచినా, నెలకొక్క జుమా నమాజైనా అక్కడ చేయనిదే మనసు కుదుటపడదు. 2025 అక్టోబరులో వెళ్లినప్పుడు దారికి ఇరువైపులా పత్తి విచ్చుకుని ఉంది. అక్కడక్కడా వానకు తడిసి నల్లబడిన కాయలు కనిపించాయి.

ఊరి పొలాలకు ఆధారం కేసీ కాలువ. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్లించి కడప వరకు తీసుకువెళ్లే ఈ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం తవ్వించింది. గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వానికి అమ్మివేసింది. ఆ దశాబ్దంలోనే అమెరికాలో అంతర్యుద్ధం (1861-65) సాగింది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందక, మన దేశపు పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. యుద్ధం ముగిసింది, ధర కూలింది. మన రైతు బ్రతుకు అమెరికాతో ముడిపడడం నిన్న మొన్నటి సంగతి కాదు.

నమాజు తరువాత టీ అంగడి దగ్గర నా బాల్యమిత్రుడు కలిశాడు. ఆరెకరాల రైతు.

"ఏం మౌల్సాబూ, ట్రంపు మన పత్తి మీద పడినాడే!" అన్నాడు.

అతని బాధలో నిజముంది. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై 50 శాతం సుంకం వేసింది. దానికి కొద్దిరోజుల ముందే మన ప్రభుత్వం దిగుమతి పత్తిపై ఉన్న 11 శాతం సుంకాన్ని తొలగించింది; తరువాత ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించింది. మిల్లులకది ఊరట, రైతుకు బెంగ. పైగా కుమారుణ్ణి అమెరికా చదువుకు పంపాలని అతని కోరిక. సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బి వీసాలకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించడంతో ఆ కోరికా ఊగిసలాడుతోంది.

"వచ్చే జుమాకు ఆ దేశాన్ని బాగా తిట్టు సామీ. నా కడుపు చల్లబడుతుంది" అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. 2003 మార్చిలో ఇరాక్‌పై దాడి జరిగినప్పుడు, ఇదే ఊళ్లో నేను ఆ పనే చేశాను. అమెరికాలో మంచివాడొక్కడూ లేడన్నట్లు మాట్లాడాను. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు అబ్బాజాన్ మెల్లగా అన్నారు: "దాడిని ఖండించావు, సరే. కానీ బేటా, బడిలో నువ్వు తిన్న ఉప్మా రవ్వ ఎక్కడిది?"

అది అమెరికా నుంచి కేర్ సంస్థ పంపిన గోధుమ రవ్వ. అంతకుముందు 1965, 66 కరవుల్లో పీఎల్-480 ఒప్పందం కింద వచ్చిన అమెరికా గోధుమలు కోట్లమందిని ఆదుకున్నాయి. అబ్బాజాన్ అక్కడితో ఆగలేదు. వియత్నాం యుద్ధాన్ని మన దేశం విమర్శించినందుకు కినిసి, అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను నెలనెలా బిగబట్టి వదిలిన సంగతీ చెప్పారు. "ఓడ పంపినవారూ వారే, ఆపినవారూ వారే. లెక్క చెబితే పూర్తిగా చెప్పు" అన్నారు.

ఆ మాట నన్ను సిగ్గుపడేలా చేసింది. ఇరాక్ దాడికి నెల ముందు, ఫిబ్రవరి 15న, న్యూయార్క్ వీధుల్లో లక్షలాది అమెరికన్లు ఆ యుద్ధం వద్దని నినదించారు. నేను వారినీ కలిపి దూషించాను. గాజాపై పడిన బాంబుల్లో అమెరికా ఇచ్చినవి ఉన్నాయి. ఆ బాంబులను ఆపమని 2024లో తమ విశ్వవిద్యాలయాల ఆవరణల్లో గుడారాలు వేసి, అరెస్టయిన విద్యార్థులు కూడా ఆ దేశపు బిడ్డలే. ఒక జాతిపై ద్వేషం మనల్ని అన్యాయానికి పురికొల్పరాదని సూరె మాయిదా 8వ ఆయతు నేర్పుతుంది. అది పిల్లలకు వల్లె వేయించడం సులభం. మన కడుపు మండుతున్నప్పుడు పాటించడమే కష్టం.

మిత్రునితో అన్నాను: "సుంకం అన్యాయమని చెబుతాను. గాజాలో జరుగుతున్నది జులుమని చెబుతాను. ఆ దేశ ప్రజలందరినీ మాత్రం తిట్టను."

అతడు కాసేపు మౌనంగా ఉండి, "మరి పిల్లోణ్ణి పంపమంటావా?" అని అడిగాడు.

"చదువు ఎక్కడున్నా మంచిదే. కానీ వడ్డీకి తెచ్చి, కాలువ కింది పొలం తాకట్టు పెట్టి పంపవద్దు. వాళ్ల నిర్ణయాలు మారితే నీ పొలం తిరిగి రాదు."

అతడు తలూపాడు. తిరుగు బస్సులో కాలువ దాటుతున్నప్పుడు అబ్బాజాన్ కోసం దుఆ చేశాను. ప్రపంచం గురించి పిల్లల ముందు నోరు విప్పే ప్రతి తల్లీతండ్రీ, ప్రతి ఉపాధ్యాయుడూ పూర్తి లెక్క చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక.