బోరీవలీలో ఊరగాయ లేని ఆట

షోలాపురంలో రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కితే తెల్లవారి దాదరులో దిగవచ్చును. అక్కడినుండి లోకల్ బండిలో బోరీవలీ చేరాము. మా బావమరిది కాపురముండే కాలనీలో నాలుగు అంతస్తుల మేడలు, నడుమ సిమెంటు చేసిన చిన్న ఆవరణ ఉన్నవి. వేసవి సెలవుల పది రోజులూ మాకు సాయంకాలాలన్నీ అక్కడే గడిచినవి.

అక్కడి ఆట పేరు పికిల్‌బాల్. పేరు విని ఆవకాయ జాడీలు తలచుకోనక్కరలేదు. 1965 వేసవిలో అమెరికాలో సియాటిల్ చేరువనున్న బెయిన్‌బ్రిడ్జి దీవిలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనువారు, బ్యాడ్మింటన్ సామగ్రి సరిగా దొరకక, పింగ్‌పాంగ్ బ్యాట్లతోను చిల్లుల ప్లాస్టిక్ బంతితోను ఇంటివారికి కాలక్షేపము కల్పించారు. అదే ఈ ఆటకు పుట్టుక. మన దేశానికి తెచ్చినవారు ముంబయి వాసి సునీల్ వలావల్కర్.

కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అనగా బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టంతే. వల మాత్రము అంచులలో 36 అంగుళాలు, నడుమ 34 అంగుళాలు. వలకు ఇరువైపుల ఏడేసి అడుగుల చోటును 'కిచెన్' అంటారు. ఇది మడి వంటిల్లు వంటిది. బంతి నేలను తాకకముందు అందులో నిలబడి కొట్టరాదు. తాకిన పిమ్మట నిరభ్యంతరముగా వెళ్ళవచ్చును.

క్రొత్తవారికి మా బావమరిది చెప్పే మాటలు నాలుగే. "బావగారూ, బ్యాటును పిచ్చుకపిల్లను పట్టినట్లు పట్టండి. సర్వీసు క్రింది చేతితో, బలముగా కాక లోతుగా వేయండి. ఎదుటివారి సర్వీసును తిప్పికొట్టిన వెంటనే కిచెన్ గీతదాకా నడిచి రండి. అక్కడినుండి వల దాటీ దాటనట్లు మెల్లగా వేయండి, తొందరపడినవాడే ఓడతాడు." బంతి తలపైనుండి పోతే వెనుకకు అడుగులు వేయరాదు, ఒళ్ళు త్రిప్పి పరుగెత్తవలెనని మరొక హెచ్చరిక. నలుబది దాటిన వారికి ఇదే ముఖ్యము. వెల్లకిల పడితే ఎముక విరుగును.

అయితే ఆ బంతి చప్పుడు చిన్నది కాదు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకొనేవారు ఆట మాన్పించమని కమిటీకి అర్జీ పెట్టారు. కమిటీవారు ఉభయులనూ కూర్చోబెట్టి సాయంత్రం 5 మొదలు 7 వరకే ఆడవలెనని తీర్మానించారు. ఆ రెండు గంటలూ పోయి ఉంటే మా అత్తగారికి తిరిగి నాలుగు గోడలే మిగిలేవి. హిందీ అంతంతమాత్రము, ఇంగ్లీషు లేదు. ఇప్పుడు ఆమె బెంచీమీద కూర్చుని లెక్క చెబుతుంది. మొదలుపెట్టేటప్పుడు "సున్నా, సున్నా, రెండు" అనవలెను. తెలుగు పలుకని మనుమలే కాదు, మరాఠీ, గుజరాతీ పిల్లలు కూడా ఆమెతోపాటు పదకొండు దాకా తెలుగులో లెక్కిస్తున్నారు.

మన ఊళ్ళలో బ్యాడ్మింటన్ గీతలున్న ఆవరణలు లేకపోలేదు. వల దించి, వలనుండి ఇటు ఏడడుగులు, అటు ఏడడుగులు కొలిచి సుద్దతో గీత గీస్తే చాలును. ముందుగా ఇరుగుపొరుగు వారి నిద్రవేళలు అడిగి తెలుసుకొనవలెను. పిమ్మట పెద్దవారికొక బెంచీ వేయవలెను.